అరమెట్టు పెరిగిన ఫోర్కు

తెనాలి తంతి ఆఫీసులో మెకానిక్కు వీరాస్వామికి సర్కారువారు ఒక ఫోర్కు ఇచ్చారు. ఫోర్కంటే ఉప్మా తినేది కాదు. హైస్కూల్లో సైన్సు మాస్టారు మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టి వినమంటాడే, ఆ శ్రుతిదండం లాంటిది. కాకపోతే దీని రెండు కొమ్ముల చివరా రెండు పల్చటి రేకులుండి, ఆ రేకుల మధ్య సన్నటి సందు ఉండేది. ఫోర్కుని తట్టి, ఆ సందులోంచి తిరుగుతున్న మోటారు చక్రం మీది నలుపు తెలుపు చారల్ని చూడాలి. చారలు ముందుకు పరుగెడితే మోటారు జోరెక్కువ, వెనక్కి జారితే తక్కువ. కదలకుండా నిలబడితే సరిగ్గా ఉన్నట్టు. ఇంతోటి పనికి వీరాస్వామి చొక్కా చేతులు మడిచి, ఊపిరి బిగబట్టి, ఎడమ కన్ను మూసి, చుట్టూ ఉన్నవాళ్ళని మాట్లాడొద్దని చెయ్యెత్తి వారించేవాడు. చూసేవాళ్ళకి విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ జరుగుతున్నట్టుండేది.

అది డెబ్బయ్యో సంవత్సరం. వరికోతలు అయిపోయి, కుప్పలు నూర్చుకుంటున్న రోజులు. అప్పటిదాకా తెనాలి నుంచి బాపట్లకీ, రేపల్లెకీ తంతి వార్తలు కట్టు కడల భాషలో, అంటే మోర్సులో, టకటకమంటూ వెళ్ళేవి. ఆ ఏడాది టెలిప్రింటర్లు వచ్చాయి. ఇక్కడ టైపు కొడితే అక్కడ కాగితం మీద అచ్చుపడిపోతుంది. తెనాలిలో గోడకి ఒక బోర్డు బిగించి, ఒక్కో ఊరి లైనుకి ఒక్కో కన్నం ఇచ్చారు. కన్నం కింద ఆ లైను తాలూకు అట్టముక్క. దానిమీద ఊరి పేరు, కన్నం నంబరు, మెషిను నంబరు, జోరు. బాపట్లకి ఒకటో కన్నం, జోరు యాభై. రేపల్లెకి రెండో కన్నం, జోరు యాభై. ఆ అట్టముక్కలు రాసింది వీరాస్వామే. దస్తూరీ బాగుంటుందని అతని నమ్మకం.

"ఈ చివరా ఆ చివరా జోరు ఒక్కటిగా ఉండాలండీ వెంకట్రామయ్యగారూ. ఏ కాస్త తేడా వచ్చినా అవతల పడాల్సిన అక్షరాల బదులు ఇంకేవో పడతాయి" అని అతను తంతి మాస్టారికి పాఠం చెప్పేవాడు.

వెంకట్రామయ్యగారు ముప్పై ఏళ్ళుగా కట్టు కడల మనిషి. అవతలివాడి టకటకని బట్టి వాడికి జలుబు చేసిందో లేదో చెప్పగలనని అనేవారు. "మా రోజుల్లో అవతలివాడు నిదానస్తుడైతే మేమూ నిదానంగానే వినేవాళ్ళమయ్యా. నీ మెషినుకి ఆపాటి మర్యాద తెలీదన్నమాట" అనేసి పొడుం పట్టు పట్టేవారు.

మొదట బాపట్ల జత వచ్చింది, తెనాలి చివరకో మెషిను, బాపట్ల చివరకో మెషిను. తెనాలి చివర మెషిన్ని ఫోర్కుతో సరిచేసి, రైలెక్కి బాపట్ల వెళ్ళి అక్కడి మెషిన్నీ సరిచేసి, మధ్యాహ్నానికల్లా వచ్చేశాడు వీరాస్వామి. బాపట్ల ఆపరేటరు సింగరయ్య కొట్టిన మొదటి వార్త పొల్లుపోకుండా వచ్చింది. ఆ వారమంతా వీరాస్వామి నడకే మారిపోయింది.

రేపల్లె జత రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఈ మూడు వారాల్లోనే జరగాల్సిందంతా జరిగింది.

ముందు సరోజిని సంగతి చెప్పాలి. వీరాస్వామి భార్య సరోజిని రేపల్లె తంతి ఆఫీసులో ఆపరేటరు. పొద్దున్నే తెనాలి గంగానమ్మపేటలో ఇంత వండి పెట్టి, క్యారేజీ పట్టుకుని రేపల్లె ప్యాసింజరు ఎక్కేది. సాయంత్రం అదే బండిలో తిరిగొచ్చేది. ఒకవైపు గంటన్నర ప్రయాణం. భట్టిప్రోలు దాటేలోపు కంటికి కునుకు పట్టేదని, అదే తన రోజు మొత్తానికి విశ్రాంతి అని అనేది. పెళ్ళై ఆరేళ్ళు. ఉద్యోగాలు చెరో ఊళ్ళో ఉన్నా రాత్రికి ఒకే కంచం దగ్గర కూర్చుంటున్నామని వాళ్ళిద్దరికీ తృప్తి.

ఆ తృప్తికే ఎసరొచ్చింది. రేపల్లెకి టెలిప్రింటరు దండగని, అది తమకిస్తే రోజుకి వంద వార్తలు పంపుతామని చీరాల బట్టల వ్యాపారులు పైకి అర్జీ పెట్టుకున్నారు. పైవాళ్ళు ఆలోచించి ఒక మెలిక పెట్టారు. డివిజనల్ ఇంజనీరు స్వయంగా వచ్చి చూస్తాడు. బాపట్లలో కొట్టింది తెనాలి బోర్డు మీదుగా నేరుగా రేపల్లెలో అచ్చుపడాలి. పడితే మెషిను రేపల్లెకే. పడకపోతే చీరాలకి. మెషిను పోతే రేపల్లెలో ఒక్క ఆపరేటరు చాలు. ఇద్దరిలో చిన్న సర్వీసు సరోజినిది కాబట్టి ఆమెని మాచర్ల వేస్తారు. మాచర్లకీ తెనాలికీ రోజూ రాకపోకలు కుదిరే పని కాదు.

"మీ ఫోర్కు మీద మన కాపురం ఆధారపడి ఉందన్నమాట" అంది సరోజిని ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ.

"ఫోర్కు మీద కాదు. దాన్ని పట్టుకున్న చెయ్యి మీద" అన్నాడు వీరాస్వామి.

"ఆ చెయ్యి నిన్న సైకిలు చెయినులో ఇరుక్కుంది కదండీ, తగ్గిందా?"

వీరాస్వామి పప్పు కలుపుకోవడంలో మునిగిపోయాడు.

ఇక రాజారత్నం మాస్టారు. తెనాలిలో నాటకం ఆడని పేట లేదు, హార్మోనియం వినపడని వీధి లేదు. ఆ హార్మోనియాల్లో సగం రాజారత్నం మాస్టారు వాయించినవో, బాగుచేసినవో. వీరాస్వామికి చిన్నప్పటినుంచీ ఒకే ఒక్క కోరిక. రంగు పూసుకుని, కిరీటం కాకపోయినా కనీసం తలపాగా పెట్టుకుని, జనం ముందు ఒక్క పద్యం పాడాలి. సాయంత్రాలు రిహార్సల్సు జరిగే సావిడికి వెళ్ళి, గుమ్మం పక్కన నిలబడి పెదాలు కదుపుతుండేవాడు. మాస్టారు ఎప్పుడూ అతనివైపు చూసిన పాపాన పోలేదు.

చూసేలా చేసింది ఫోర్కు. ఒకరోజు ఆఫీసు నుంచి నేరుగా సావిడికి వెళ్ళి, అందరూ చూస్తుండగా జేబులోంచి తీసి మోకాలికి తట్టాడు. సన్నగా, తేనె కారినట్టు మోగింది. మాస్టారు హార్మోనియం బెల్లోసు ఆపేశారు.

"ఏంటి అబ్బాయ్ అది?"

"సర్కారీ ఫోర్కండి. సెకనుకి నూట పాతికసార్లు కొట్టుకుంటుంది. ఒకటి తగ్గదు, ఒకటి పెరగదు."

మాస్టారు దాన్ని తీసుకుని, తట్టి, చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ముప్పై ఏళ్ళుగా హార్మోనియాల మధ్య బతికిన మనిషి. తెరిచేసరికి ఆ కళ్ళల్లో ఆశ కనపడింది.

"ఒక నాలుగు రోజులు ఇచ్చి చూడు. నా పెట్టె స్వరాలు సరిచేసుకోవాలి" అన్నారు. వీరాస్వామి నసిగాడు. సర్కారు వస్తువన్నాడు, రికార్డులో ఉందన్నాడు. మాస్టారు కాసేపు బెల్లోసు మీద వేళ్ళాడించి, "వచ్చే నాటకంలో దూత వేషానికి మనిషి లేడు. ఒక్కటే పద్యం. నీ గొంతుకి సరిపోతుందేమో" అన్నారు గోడకేసి చూస్తూ.

సర్కారు రికార్డు ఎంత పెద్దదైనా పద్యం ముందు నిలవలేదు. ఫోర్కు మాస్టారి చేతిలో ఉండిపోయింది. ఇంటికొచ్చి ఈ ముక్క సరోజినికి చెప్పలేదు. దూత వేషం సంగతి మాత్రం చెప్పాడు, అన్నం తినకముందే, రెండుసార్లు.

నాలుగు రోజులకి మాస్టారు ఫోర్కు తిరిగిచ్చారు. "నీ వస్తువుకి కాస్త సేవ చేశాను. ఇప్పుడు చక్కగా పలుకుతోంది" అన్నారు. చివరలు తళతళలాడుతుంటే బూడిదతో తోమారనుకున్నాడు వీరాస్వామి. పెద్దవాళ్ళ శ్రద్ధే వేరు అని మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాడు.

మర్నాడే రేపల్లె జత వచ్చింది. తెనాలి చివర మెషినుకి ఫోర్కు పట్టాడు. చారలు పరుగెట్టాయి, స్క్రూ తిప్పాడు, నిలబడ్డాయి. తర్వాత రోజు సరోజినితో కలిసి అదే ప్యాసింజరు ఎక్కి రేపల్లె వెళ్ళాడు. అక్కడి మెషినుకీ ఫోర్కు పట్టాడు. చారలు నిలబడ్డాయి. సరోజిని పక్కనే నిలబడి, కొత్తగా తళతళలాడుతున్న ఆ రేకుల చివరల్ని కూడా చూసింది. వీరాస్వామి ఊపిరి బిగబట్టడం ఆరోజు మామూలుకంటే ఎక్కువసేపు సాగింది.

పరీక్షకి ఒక టేపుండేది. కన్నాలు పొడిచిన పొడుగాటి కాగితం పట్టీ. దాన్ని మెషినులో పెడితే అదే చదువుకుంటూ అవతలికి పంపుతుంది. సరైన జోరుమీద ఆ పట్టీ పూర్తికావడానికి కచ్చితంగా ఒక నిమిషం. తెనాలిలో వెంకట్రామయ్యగారు టేపు నడిపారు. రేపల్లెలో అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి. ఒక్క తప్పు లేదు.

సరోజిని చేతి వాచీ చూసుకుంటోంది. "యాభై ఏడు సెకన్లకే అయిపోయిందండీ."

"నీ వాచీ నెమ్మది."

"మా నాన్న కొన్న వాచీ."

"అందుకే" అన్నాడు వీరాస్వామి. మామగారి మీద చమత్కారం దొరికిన అల్లుడికి ఉండే ఆనందం ఇంతా అంతా కాదు. ఆ ఊపులో ఆ మూడు సెకన్లు గాలికి పోయాయి.  సరోజిని మళ్ళీ ఒకసారి టేపు నడిపించమని తెనాలికి కొట్టింది. మళ్ళీ యాభై ఏడే. ఈసారి ఆ మాట మొగుడికి చెప్పకుండా పుస్తకంలో ఒక మూల పెన్సిలుతో రాసుకుంది.

వారం రోజులు తెనాలీ రేపల్లే కబుర్లాడుకున్నాయి. వరి ధరలు, రొయ్యల బుట్టలు, బంధువుల రాకలు. మధ్యలో ఎవరూ లేనప్పుడు భార్యాభర్తలిద్దరూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకునేవాళ్ళు. 'పాలు విరిగాయి, వస్తూ పెరుగు తెండి' అని సరోజిని కొడితే ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు. మాచర్ల మాట ఇద్దరూ మర్చిపోయారు.

గురువారం డివిజనల్ ఇంజనీరు శ్రీమన్నారాయణగారు దిగారు. సన్నగా, పొడుగ్గా, మాటకి మాటకి మధ్య చాలా ఖాళీ ఉంచే మనిషి. బోర్డు దగ్గర అట్టముక్కలు చదివారు. "దస్తూరీ బాగుంది" అన్నారు. వీరాస్వామి మొహం వెలిగిపోయింది. ఆ రోజంతటికీ అతని మొహం వెలగడం అదే ఆఖరు.

ముందు తెనాలి నుంచి బాపట్లకి కొట్టారు. బ్రహ్మాండం. తెనాలి నుంచి రేపల్లెకి కొట్టారు. అదీ బ్రహ్మాండం. తర్వాత వీరాస్వామి ఒకటో కన్నంలోంచి రెండో కన్నంలోకి తీగ గుచ్చాడు. ఇక బాపట్ల సింగరయ్య కొట్టింది తెనాలిలో ఆగకుండా రేపల్లెకి పోవాలి. సింగరయ్య ఇంజనీరుగారికి స్వాగతం చెబుతూ మూడు వాక్యాలు కొట్టాడు. తీగ తీసి, ఏం పడిందో చదివి పంపమని రేపల్లెని అడిగారు.

రేపల్లె చదివి పంపింది. 'స్వాగతం' సగం దాకా వచ్చింది. తర్వాత అంకెలూ, ప్రశ్నార్థకాలూ, హల్లులూ ఒకదాని మీదొకటి పడ్డాయి. ఇంజనీరుగారి పేరులో మొదటి మూడక్షరాలు మిగిలి, తక్కినవి ఏ భాషలోనూ లేని మాటగా తేలాయి. మళ్ళీ కొట్టించారు. మళ్ళీ అంతే, కాకపోతే ఈసారి వేరే చోట్ల తప్పులు.

 బాపట్లతో తెనాలి బాగుంది. రేపల్లెతో తెనాలి బాగుంది. బాపట్లకీ రేపల్లెకీ మాత్రం పడటం లేదు.

"సముద్రపు గాలికి తీగలు చెమ్మగిల్లాయేమోనండి" అన్నాడు వీరాస్వామి.

"ఇందాక ఇక్కణ్ణుంచి కొట్టినప్పుడు చెమ్మ లేదా?" అన్నారు ఇంజనీరుగారు. తర్వాత పెద్ద ఖాళీ వదిలి, "మెషిన్లు సరిగ్గా ఉన్నాయి, అట్టలు సరిగ్గా ఉన్నాయి. ఇక మిగిలింది మనిషి. రేపల్లెలో ఆపరేటరు ఎవరు? మెషిను ముట్టుకోకూడని చోట ముట్టుకుని ఉండాలి" అన్నారు.

వెంకట్రామయ్యగారు పొడుం డబ్బా మూత తియ్యబోయి ఆగిపోయారు.

"మా ఆవిడేనండి" అన్నాడు వీరాస్వామి. 

 ఇంజనీరుగారు నోటుపుస్తకం తీసి ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ కలం కదులుతుంటే వీరాస్వామికి మాచర్ల రైలు కనపడింది. సరోజిని ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట పట్టుకుని ఎక్కుతోంది. తను ప్లాట్‌ఫారం మీద దూత తలపాగాతో నిలబడి ఉన్నాడు. 

సరిగ్గా అప్పుడే తెనాలిలోని రేపల్లె లైను మెషిను టకటకమంది. సరోజిని కొడుతోంది. అందరిముందూ కాగితం మీద అక్షరం తర్వాత అక్షరం పడుతోంది.

'బాపట్ల నుంచి పరీక్ష టేపు పంపించండి. ఏం పడినా ఫర్వాలేదు. టైము చూస్తాను.'

ఇంజనీరుగారు తలూపారు. తీగ మళ్ళీ గుచ్చారు. సింగరయ్య టేపు నడిపాడు. తీగ తీశాక రేపల్లె మళ్ళీ మాట్లాడింది.

'బాపట్ల టేపుకి అరవై సెకన్లు. తెనాలి టేపుకి యాభై ఏడు. రెండూ ఒకే వాచీతో చూశాను. వాచీ మా నాన్నది. బాపట్లకి సరిపోయిన వాచీ తెనాలికి ఎందుకు నెమ్మదైందో మెకానిక్కుగారిని అడగండి. ఆయన ఫోర్కుని ఒకసారి వెలుతురులో చూడమనండి.'

వెంకట్రామయ్యగారు చదివి, మీసాల్లో నవ్వుకుని, కాగితం ఇంజనీరుగారి వైపు జరిపారు.

వీరాస్వామి జేబులోంచి ఫోర్కు తీసి కిటికీ దగ్గరికి నడిచాడు. ఎండలో రేకుల చివరలు మిలమిల మెరిశాయి. అది తోమిన మెరుపు కాదు. సన్నగా, వరసగా, ఒకే వైపుకి ఆకురాయి గీతలు. ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. హార్మోనియంలో స్వరం పలికే ఇత్తడి రేకు చివర గీకితే శ్రుతి పెరుగుతుంది. రాజారత్నం మాస్టారు బతుకంతా చేసింది ఆ పనే. తన పెట్టెతో కలవని శబ్దం లోకంలో ఏదైనా ఉంటే తప్పు దానిదేనని నమ్మే మనిషి. సర్కారు ఫోర్కు తన శ్రుతికి అరమెట్టు దిగువన వినపడింది. పాపం, సాయం చేద్దామనుకుని ఎక్కించి పెట్టారు. ఆ ఫోర్కుతో తను రేపల్లె లైనుకి రెండు చివరలా ఉన్న మెషిన్లని సరిసమానంగా చెడగొట్టాడు. ఇద్దరూ ఒకే తప్పులో ఉన్నారు కాబట్టి వారం రోజులూ ఒకరికొకరు చక్కగా అర్థమయ్యారు. మధ్యలో లోకం చేరేసరికి బండారం బయటపడింది.

తప్పించుకునే దారి లేకపోలేదు. పుట్టుకతోనే ఫోర్కులో లోపముందనొచ్చు. ఎవరూ నిరూపించలేరు. కానీ ఇంజనీరుగారి నోటుపుస్తకంలో సరోజిని పేరు పక్కన అప్పటికే ఒక గీత పడింది. అది అలా ఉండగా అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"తప్పు నాదండి. ఈ ఫోర్కు నాలుగు రోజులు బయటికిచ్చాను. వాళ్ళు గీకారు."

"ఎవరికిచ్చావు?"

"హార్మోనియం మాస్టారికండి."

ఇంజనీరుగారు ఈసారి వదిలిన ఖాళీలో గోడగడియారం చాలాసార్లు కొట్టుకుంది. "ఎందుకు?"

"పద్యం ఇస్తానన్నారండి. దూత వేషం."

"ఎన్ని పద్యాలు?"

"ఒక్కటేనండి."

ఇంజనీరుగారు పైకప్పు కేసి చూశారు. ఆయన చెంపల్లో ఏదో కదిలి మాయమైంది. అది కోపమో, నవ్వో వీరాస్వామికి ఈనాటికీ తెలీదు. "ఇంకో ఫోర్కు గుంటూరు నుంచి రావాలి. నేను సాయంత్రం నాలుగింటికి వెళ్ళిపోతాను. వెళ్ళేలోపు బాపట్ల మాట రేపల్లెలో పడాలి. ఎలా పడుతుందో నువ్వే చూసుకో" అన్నారు.

మధ్యాహ్నం ఒంటిగంటయింది. రేపల్లె బండి వెళ్ళిపోయింది. అంటే అక్కడి స్క్రూ తిప్పాల్సింది సరోజినే. ఆపరేటర్లు మెషిను లోపల చెయ్యి పెట్టకూడదని రూలుంది. వీరాస్వామి ఇంజనీరుగారి వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి రోడ్డు మీది ఒంటెద్దు బండిని ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

వీరాస్వామి మెషిను ముందు కూర్చుని కొట్టాడు. 'మోటారు ఆపు. వెనక మూత తియ్యి. చారల చక్రం పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. ఎడమకి పావు చుట్టు తిప్పి, మోటారు వేసి చూడు. బాపట్ల టేపు ఆగకుండా వస్తూనే ఉంటుంది. అక్షరాలు బాగుపడేదాకా పావు పావు తిప్పు. బాగుపడ్డాక కూడా తిప్పు. మళ్ళీ చెడిపోతాయి. అప్పుడు, బాగుపడిన చోటికీ చెడిన చోటికీ సరిగ్గా మధ్యలో పెట్టి ఆపెయ్యి.'

'అలాగే' అని వచ్చింది.

ఇంకొకటి చెప్పాలి. వేళ్ళు ఆగాయి. మళ్ళీ కొట్టాడు. 'నువ్వు స్క్రూ తిప్పడం మొదలుపెట్టాక నా మెషినుతో నీకు పొత్తు కుదరదు. ఇక నేనేం చెప్పినా నీకు అర్థం కాదు.'

జవాబు వెంటనే పడింది. 'ఆరేళ్ళ నుంచీ అలవాటే లెండి.'

వెంకట్రామయ్యగారికి పొరపోయింది. మంచినీళ్ళు తాగేసి బయటికెళ్ళారు.

తీగ గుచ్చారు. బాపట్లలో సింగరయ్య టేపు చివరలు రెండూ అతికించి, గానుగెద్దులా తిరుగుతూ ఉండేట్టు చేశాడు. తెనాలిలో చెయ్యడానికేమీ లేదు. వీరాస్వామి ఊరుకోలేక రేపల్లె లైనుకి తన చివర ఉన్న మెషిను మూత తీసి, దాన్ని తెనాలిలోనే ఉన్న బాపట్ల లైను మెషిను పక్కకి జరుపుకుని కూర్చున్నాడు. బాపట్ల లైనుది ఫోర్కుని గీకకముందు సరిచేసిన మెషిను, నిఖార్సైనది. రెంటిమీదా చెరో పరీక్ష టేపు నడిపి, రెండూ ఒకేసారి పూర్తయ్యేదాకా పావు పావు తిప్పుతూ పోయాడు. ఊపిరి బిగబట్టలేదు. ఎవరినీ మాట్లాడొద్దని వారించలేదు. చెమట కళ్ళల్లోకి దిగుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. ఫోర్కు బల్ల చివర పడి ఉంది. దానివైపు చూస్తేనే అతనికి సిగ్గేసింది.

రెండున్నరయింది. మూడయింది. రేపల్లె నుంచి ఉలుకూ పలుకూ లేదు. బోర్డు మీంచి వెళ్ళేదంతా బాపట్లదే, అక్కడ ఏం పడుతోందో ఇక్కడ కనపడే వీల్లేదు. మొదటిసారి వీరాస్వామికి ఆ గంటన్నర రైలు దూరం ఎంత పెద్దదో తెలిసొచ్చింది. రోజూ ఆమె వెళ్ళివస్తున్నా అతను ఎన్నడూ కొలిచి చూడలేదు.

మూడుంబావుకి టేపు ఆపమన్నట్టు రేపల్లె నుంచి గంట మోగింది. సింగరయ్య ఆపాడు. ఇంజనీరుగారు లేచొచ్చి నిలబడ్డారు. సింగరయ్యతో పొద్దుటి స్వాగతాన్నే మళ్ళీ కొట్టించారు. తీగ తీశారు. వీరాస్వామి సరిచేసిన తెనాలి మెషిను మీద రేపల్లె జవాబు పడింది.

మూడు వాక్యాలు. ఇంజనీరుగారి పేరు చివరి అక్షరం దాకా. ఒక్క తప్పు లేదు. దాని కింద ఇంకో వరస.

'సరోజిని. నా వాచీ ప్రకారం మూడూ పద్దెనిమిది. తెనాలి గడియారం ఎంతైంది?'

గోడగడియారం మూడూ పద్దెనిమిదే చూపిస్తోంది. ఇంజనీరుగారు నోటుపుస్తకం తెరిచి, సరోజిని పేరు పక్కన గీతని కొట్టేసి, దాని పక్కనే రెండు ముక్కలు రాశారు. మెషిను రేపల్లెకే అని చెప్పారు. వీరాస్వామికి కుర్చీ వెతుక్కోవాల్సొచ్చింది. కూర్చున్నాక కళ్ళనీళ్ళు తిరిగాయి. అవి చెమటేనని తర్వాత వాదించాడు.

ఇంజనీరుగారు మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగారు. "నాటకం ఎప్పుడు?"

"శనివారమండి."

"శని, ఆదివారాలు నీకు బాపట్లలో డ్యూటీ. కొత్త ఫోర్కు వస్తుంది. అక్కడే ఉండి సింగరయ్య మెషిను కూడా ఒకసారి చూడు. మెమో రేపు అందుతుంది." అంతే. రిక్షా ఎక్కి వెళ్ళిపోయారు. రాతలో శిక్ష లేదు. అసలు శిక్ష ఏంటో ఆయనకి తెలుసు, వీరాస్వామికి తెలుసు.

ఆ సాయంత్రం రాజారత్నం మాస్టారు విషయం విని నొచ్చుకున్నారు. "అంతేనా, రేకు చివర కాస్త మైనం పెడితే మళ్ళీ దిగుతుంది. తెచ్చివ్వనా?" అన్నారు. వీరాస్వామి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. దూత వేషం ఇంకెవరికో వెళ్ళింది.

శనివారం సాయంత్రం అయిదింటికి బాపట్ల తంతి ఆఫీసులో వీరాస్వామి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. సింగరయ్య టీకి వెళ్ళాడు. తెనాలిలో ఈపాటికి రంగులు కలుపుతుంటారు. కొత్త ఫోర్కు బల్ల మీద డబ్బాలో ఉంది, జేబులో కాదు. మెషిను టకటకమంది. తెనాలిలో వెంకట్రామయ్యగారు ఏ పుణ్యానో రెండు కన్నాలకీ తీగ గుచ్చి ఉంచినట్టున్నారు.

'బండికి ఇంకా అరగంట ఉంది. ఆ పద్యం కొట్టండి. చూస్తాను.'

'ఏ పద్యం?' అని కొట్టాడు, తెలియనట్టు.

'ఇంట్లో పదిహేను రోజుల నుంచి చెంబులకీ బిందెలకీ వినిపించినదే. నాకెప్పుడైనా వినిపించారా?'

నిజమే. వినిపించలేదు. జనం ముందు పాడేరోజు విని ఆశ్చర్యపోవాలనుకున్నాడు. వీరాస్వామి వేళ్ళు తుడుచుకుని, నాలుగు పాదాలూ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. పాదం పాదానికీ మధ్య వరస వదిలాడు. రాగం తియ్యాల్సిన చోట నాలుగు చుక్కలు పెట్టాడు. మెషిను శబ్దం తప్ప గదిలో ఏమీ లేదు. పూర్తయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పరీక్ష రాసిన కుర్రాడి గుండెలా కొట్టుకుంది అతని గుండె.

చాలాసేపటికి జవాబు పడింది.

'చాలా బావుందండి. రెండుసార్లు చదువుకున్నాను. కాగితం చింపి దాచుకున్నాను.'

కాస్త ఆగి, ఇంకో వరస.

'మూడో పాదంలో ఒక మాట వదిలేశారు. నిద్దట్లో రోజూ చెబుతారుగా, నాకు వచ్చు. లైను బాగానే ఉంది. తప్పు మీదే.'

వీరాస్వామి ఆ వరసని చాలాసేపు చూశాడు. తర్వాత మూడో పాదం మళ్ళీ మొదటినుంచీ కొట్టాడు. ఈసారి ఒక్క మాట కూడా వదల్లేదు.